స్నో స్క్వాల్, ఫ్లాష్ ఫ్రీజ్: కోల్డ్ ఫ్రంట్ వెంట వచ్చే ఆకస్మిక హిమపాతం, ఘనీభవనం

నిర్వచనం

బలమైన కోల్డ్ ఫ్రంట్ (శీతల వాతాగ్రం) ఒక ప్రాంతాన్ని దాటేటప్పుడు నిమిషాల్లో విరుచుకుపడి, సాధారణంగా గంటలోపే వెళ్లిపోయే తీవ్ర హిమపాతాన్ని, దానితో కలిసి వచ్చే ఈదురుగాలిని స్నో స్క్వాల్ అంటారు. అదే ఫ్రంట్ వెనుక ఉష్ణోగ్రత హఠాత్తుగా సున్నా డిగ్రీల సెల్సియస్ కిందికి పడిపోయి, రోడ్ల మీద, కాలిబాటల మీద ఉన్న తడి అంతా ఒక్కసారిగా గడ్డకట్టడం ఫ్లాష్ ఫ్రీజ్, అంటే ఆకస్మిక ఘనీభవనం. రెండూ విడివిడిగానూ రావచ్చు. ఒకదాని వెంట మరొకటి వచ్చినప్పుడు మాత్రం చలికాలపు రహదారికి వీటిని మించిన గండం అరుదు. నేల మీద పడే హిమం చాలాసార్లు రెండు మూడు సెంటీమీటర్లు కూడా ఉండదు. ప్రమాదమంతా అది వచ్చే వేగంలో ఉంది.

పదాల సంగతి

తెలుగులో తెల్లవారుజామున గడ్డి మీద మెరిసేదీ మంచే, రోడ్డుకు అడ్డంగా తెర కట్టేదీ మంచే, హిమాలయాల్లో కురిసేదీ, ఫ్రిజ్‌లో గడ్డకట్టేదీ మంచే. వాడుకలో దీనితో ఇబ్బంది లేదు గానీ శాస్త్ర విషయానికి ఇది చాలదు. అందుకని ఈ వ్యాసంలో ఆకాశం నుంచి స్ఫటికాలుగా రాలేదాన్ని హిమం అని, నీరు గడ్డకట్టి ఏర్పడేదాన్ని మంచుగడ్డ లేదా మంచుపొర అని వ్యవహరించాం. రోడ్డు రంగు కనబడేంత పలుచగా, పారదర్శకంగా పరుచుకున్న మంచుపొరకు బ్లాక్ ఐస్ అనే పేరే వాడుకలో ఉంది.

స్క్వాల్ అనేది మొదట గాలికి సంబంధించిన మాట. ప్రపంచ వాతావరణ సంస్థ నిర్వచనం ప్రకారం గాలి వేగం ఉన్నట్టుండి కనీసం 16 నాట్లు పెరిగి, 22 నాట్లకు తగ్గకుండా చేరి, ఒక్క నిమిషమైనా నిలిస్తే అది స్క్వాల్. మన వాతావరణ వార్తల్లో తరచూ వినిపించే ‘ఈదురుగాలులు’ ఈ భావానికి దగ్గరగా ఉంటుంది. ఫ్లాష్ ఫ్రీజింగ్ అనే మాట రొయ్యల ప్రాసెసింగ్ ప్లాంట్లు ఉన్న కోస్తా జిల్లాల వారికి మరో అర్థంలో తెలుసు. ఆహార పదార్థాలను అతిశీతల గాలిలో త్వరగా గడ్డకట్టించే ఆ పద్ధతికీ ఈ వ్యాస విషయానికీ సంబంధం లేదు, వేడిని వేగంగా లాగేయడం అనే భౌతిక సూత్రం మాత్రం రెంటికీ ఒకటే.

చరిత్ర

ఈ ఉత్పాతానికి శాస్త్రీయ వివరణ దొరక్కముందే ఉత్తర అమెరికా మధ్య మైదానాల జనానికి ఇది బాగా తెలుసు. 1836 డిసెంబరు 20న మధ్య ఇల్లినాయ్‌లో వాన, చిత్తడి మధ్య మొదలైన పగలు ఫ్రంట్ దాటగానే గడ్డకట్టిపోయింది. స్థానిక చరిత్రల్లో దాన్ని ‘ఆకస్మిక మార్పు’ అనే పేరుతోనే రాసుకున్నారు. బురదనీళ్లలో కాళ్లు ఇరుక్కుని అలాగే బిగుసుకుపోయిన కోళ్లు, బాతుల కథలు ఆ చరిత్రల నిండా ఉన్నాయి. వాటిలో అతిశయోక్తి ఎంతో ఇప్పుడు తేల్చడం కష్టం. 1888 జనవరి 12న మైదాన రాష్ట్రాల్లో ఉదయం చలి కాస్త సడలినట్టు కనిపించి, పిల్లలు పలుచని దుస్తులతో బడికి వెళ్లిన రోజున ఇలాంటి ఫ్రంటే దూసుకొచ్చింది. సుమారు 235 మంది చనిపోయిన ఆ తుపానును ‘పిల్లల బ్లిజార్డ్’ అంటారు.

ఉష్ణోగ్రత పతనానికి పాఠ్యపుస్తక ఉదాహరణ 1911 నవంబరు 11 నాటిది. ఆ మధ్యాహ్నం మిస్సోరీలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో దాదాపు 27 డిగ్రీల సెల్సియస్ ఉన్న ఉష్ణోగ్రత పావుగంటలో 4 డిగ్రీలకు పడిపోయి, అర్ధరాత్రికి సున్నాకు 10 డిగ్రీల కిందికి చేరింది. ఓక్లహోమా సిటీలో ఆ తేదీకి గరిష్ఠ రికార్డు 28 డిగ్రీలు, కనిష్ఠ రికార్డు మైనస్ 8 డిగ్రీలు రెండూ ఆ ఒక్క రోజే నమోదయ్యాయి. విస్కాన్సిన్‌లోని జేన్స్‌విల్ దగ్గర అదే ఫ్రంట్ ముందు భాగంలో టోర్నడో వచ్చి తొమ్మిది మందిని బలిగొంది. శిథిలాల్లో వెతుకుతున్నవారి మీద కాసేపటికే హిమం కురిసింది. ఉత్తరం నుంచి వచ్చే ఇలాంటి చలిగాలిని టెక్సాస్, ఓక్లహోమాల్లో ‘బ్లూ నార్దర్’ అంటారు. డాలస్ చుట్టుపక్కల స్థిరపడిన తెలుగువారికి పేరు తెలియకపోయినా అనుభవం తెలిసే ఉంటుంది: మధ్యాహ్నం పొట్టి చేతుల చొక్కాతో తిరిగి, సాయంత్రానికి స్వెట్టర్ వెతుక్కోవడం.

ఫ్రంట్ అనే భావనను స్థిరపరిచింది నార్వేలోని బెర్గెన్ వాతావరణ శాస్త్రజ్ఞులు, విల్‌హెల్మ్ బ్యర్క్‌నెస్, ఆయన కుమారుడు యాకోబ్ బ్యర్క్‌నెస్, వారి సహచరులు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన రోజులవి. రెండు వాయురాశులు తలపడే సరిహద్దుకు యుద్ధరంగపు పేరే పెట్టారు (చూ. వాయురాశులు).

ఏర్పడే తీరు

చల్లని గాలి బరువైనది. అది ముందుకు కదిలేటప్పుడు నేలను అంటిపెట్టుకుని, తన ముందున్న వెచ్చని తేమగాలి కిందికి పలుగులా దూరి దాన్ని పైకి ఎత్తేస్తుంది. కోల్డ్ ఫ్రంట్ వాలు వార్మ్ ఫ్రంట్ (ఉష్ణ వాతాగ్రం) వాలు కంటే నిటారుగా ఉండటంతో గాలి నెమ్మదిగా కాక ఒక్క ఊపున లేస్తుంది. అందువల్ల వర్షం గానీ హిమం గానీ ఇరుకైన పట్టీలోనే కేంద్రీకృతమవుతుంది.

స్క్వాల్ పుట్టడానికి మూడు పరిస్థితులు కలవాలి. నేల నుంచి ఒకటి రెండు కిలోమీటర్ల ఎత్తు వరకు గాలిలో తగినంత తేమ ఉండాలి. ఆ పొరలో ఎత్తుతోపాటు ఉష్ణోగ్రత వేగంగా తగ్గుతూ, కింది గాలి దానంతట అదే పైకి ఉబికే అస్థిరత ఉండాలి. బలమైన గాలి ఉండాలి. అమెరికా వాతావరణ శాస్త్రజ్ఞులు పీటర్ బనాకోస్, ఆండ్రూ లొకాంటో, గ్రెగ్ డెవోయర్ 2014లో ఈ మూడింటినీ కలిపి ‘స్నో స్క్వాల్ పారామీటర్’ అనే ఒకే సూచికగా ప్రతిపాదించారు. చలికాలపు స్వల్ప అస్థిరత చాలు కాబట్టి ఈ మేఘాలు వేసవి ఉరుము మేఘాలంత ఎదగవు, తరచూ రెండు మూడు కిలోమీటర్ల ఎత్తులోనే ఆగిపోతాయి. అప్పుడప్పుడు వీటిలోనూ ఉరుములు, మెరుపులు వస్తాయి.

బయట నిలబడి చూసేవారికి ఇది ఇలా కనబడుతుంది. ఎండ కూడా ఉండొచ్చు. పడమటి లేదా వాయవ్య దిక్కున నేల నుంచి ఆకాశం దాకా బూడిద రంగు గోడ ఒకటి లేస్తుంది. గాలి దిశ మారుతుంది. మరో రెండు మూడు నిమిషాల్లో ఎదురింటి కప్పు కనబడదు, హిమం నిలువుగా కాక అడ్డంగా ఎగురుతుంటుంది. అరగంట తిరిగేసరికి మళ్లీ ఎండ.

నీరు గడ్డకట్టే లెక్క

ఫ్లాష్ ఫ్రీజ్‌ను అర్థం చేసుకోవడానికి గుప్తోష్ణం లెక్క చూడాలి (చూ. గుప్తోష్ణం). సున్నా డిగ్రీల దగ్గరున్న ఒక కిలో నీరు గడ్డకట్టాలంటే 334 కిలోజౌళ్ల వేడిని కోల్పోవాలి. ఒక చదరపు మీటరు రోడ్డు మీద ఒక మిల్లీమీటరు మందాన నీరుంటే దాని బరువు సరిగ్గా కిలో. ఫ్రంట్ వెనుక వీచే చలిగాలి ఆ చదరపు మీటరు నుంచి సెకనుకు 500 జౌళ్ల వేడిని లాక్కుంటోందనుకుంటే నీరంతా గడ్డకట్టడానికి సుమారు పదకొండు నిమిషాలు పడుతుంది. నీటి పొర అందులో సగమే ఉంటే ఆరు నిమిషాలు కూడా పట్టదు. గాలి పొడిగా ఉంటే కొంత నీరు ఆవిరవుతూ మిగతాదాన్ని ఇంకా చల్లబరుస్తుంది, ఎందుకంటే ఆవిరి కావడానికి కావలసిన వేడి గడ్డకట్టేటప్పుడు వెలువడే వేడికి ఏడు రెట్లకు పైగానే ఉంటుంది.

ఈ లెక్కకు అడ్డుపడేది రోడ్డు కింద నిలవున్న వేడి. అది పైకి వస్తూ గడ్డకట్టడాన్ని ఆలస్యం చేస్తుంది. వంతెనలకు ఆ ఆసరా లేదు, పైనా కిందా రెండు వైపులా చలిగాలి తగులుతుంది కాబట్టి అవి ముందు బిగుసుకుంటాయి.

ఫ్లాష్ ఫ్రీజ్ రెండు దారుల్లో వస్తుంది. మొదటి దారిలో ఫ్రంట్ ముందు కురిసిన వాన లేదా కరిగిన హిమం రోడ్డును తడిపి ఉంచుతుంది, ఫ్రంట్ వచ్చి దాన్ని గడ్డకట్టిస్తుంది. రెండో దారి మరింత మోసకారి. పొడిగా, కాస్త వెచ్చగా ఉన్న రోడ్డు మీద స్క్వాల్ తొలి హిమం పడగానే కరిగి తడి అవుతుంది. ఆ కరగడానికే రోడ్డు పైపొరలోని వేడి ఖర్చవుతుంది. ఆపై చలిగాలి మిగిలిన పని పూర్తి చేస్తుంది. దాని మీద మళ్లీ హిమం కప్పేయడంతో కింద మంచుపొర ఉన్నట్టు డ్రైవరుకు తెలియదు.

ఉప్పు చల్లే సిబ్బందికి కూడా ఇది కొరకరాని కొయ్య. తుపానుకు ముందు రోడ్లకు ఉప్పునీరు పట్టించడం చలి దేశాల్లో మామూలు. ఫ్రంట్ ముందు వాన కురిస్తే ఆ పూత కొట్టుకుపోతుంది. వాన ఆగాక చల్లుదామంటే ఆగడానికీ గడ్డకట్టడానికీ మధ్య వ్యవధి ఉండదు. పైగా సాధారణ ఉప్పు మైనస్ 9 డిగ్రీలకు దిగువన పెద్దగా పనిచేయదు. అంతకన్నా చలికి కాల్షియం క్లోరైడ్ వంటివి వాడాలి.

రకాలు

ఫ్రంట్‌తో కదిలే స్క్వాల్ పొడవుగా, సన్నగా ఉండి ఊళ్లకు ఊళ్లు దాటిపోతుంది. ఒక చోట నిలిచేది కొద్ది నిమిషాలే. సరస్సు ప్రభావ స్క్వాల్ దీనికి భిన్నం. ఇంకా గడ్డకట్టని విశాల జలరాశి మీదుగా అతిశీతల గాలి వీచినప్పుడు నీటి నుంచి వేడి, తేమ గ్రహించి అవతలి ఒడ్డున హిమపు పట్టీలుగా కురుస్తుంది. నీటి ఉపరితలానికీ దాదాపు కిలోమీటరున్నర ఎత్తులోని గాలికీ కనీసం 13 డిగ్రీల తేడా ఉండాలన్నది గ్రేట్ లేక్స్ ప్రాంతపు అంచనాదారులు పాటించే కొలమానం. ఈ రకం పట్టీ గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి ఒకే ఊరి మీద నిలుస్తుంది. కెనడాలోని ఒంటారియోలో స్నో స్క్వాల్ అనగానే జనానికి ఎక్కువగా స్ఫురించేది ఇదే. పెన్సిల్వేనియాలో మొదటి రకం స్ఫురిస్తుంది. స్వీడన్ తూర్పు తీరంలో బాల్టిక్ సముద్రం వల్ల కలిగే ఇలాంటి హిమపాతాన్ని ‘హిమ ఫిరంగి’ అనే అర్థమిచ్చే మాటతో పిలుస్తారు.

బ్లిజార్డ్‌తో స్క్వాల్‌ను కలపకూడదు. బ్లిజార్డ్ అనడానికి బలమైన గాలి, తక్కువ విజిబిలిటీ కనీసం మూడు గంటలు కొనసాగాలి. అలాగే గడ్డకట్టే వాన (ఫ్రీజింగ్ రెయిన్) కూడా వేరు. అందులో నేలను తాకగానే గడ్డకట్టే అతిశీతల బిందువులు పడతాయి. 2021 ఫిబ్రవరి 11న టెక్సాస్‌లోని ఫోర్ట్ వర్త్‌లో 130కి పైగా వాహనాలు ఢీకొని ఆరుగురు మరణించిన ప్రమాదం ఆ కోవలోది.

రహదారుల మీద

పొడి రోడ్డు మీద టైరు ఘర్షణ గుణకం సుమారు 0.7, మంచుపొర మీద సుమారు 0.1. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్తున్న కారు బ్రేకు వేశాక పొడి రోడ్డు మీద దాదాపు 56 మీటర్లలో ఆగితే, మంచు మీద ఆగడానికి 390 మీటర్లకు పైగా కావాలి. స్క్వాల్ హెచ్చరిక జారీకి అమెరికా జాతీయ వాతావరణ సేవ పెట్టుకున్న విజిబిలిటీ పరిమితి పావు మైలు, అంటే 400 మీటర్లు. కంటికి కనబడే దూరం, బండి ఆగే దూరం అక్కడ సమానమవుతాయి. విజిబిలిటీ అంతకన్నా తగ్గాక వేగం తగ్గించని డ్రైవరు ముందున్న బండిని చూడటమంటే ఢీకొట్టబోతున్నానని తెలుసుకోవడమే.

2015 జనవరి 9న మిషిగన్‌లోని గేల్స్‌బర్గ్ దగ్గర ఇంటర్‌స్టేట్ 94 మీద 193 వాహనాలు గుద్దుకున్నాయి. వాటిలో బాణసంచా మోసుకెళ్తున్న లారీ కూడా ఉండటంతో మంటల మధ్య టపాసులు పేలాయి. 2016 ఫిబ్రవరి 13న పెన్సిల్వేనియాలోని లెబనన్ కౌంటీలో ఇంటర్‌స్టేట్ 78 మీద 64 వాహనాలు ఢీకొని ముగ్గురు చనిపోయారు. 2022 మార్చి 28 ఉదయం అదే రాష్ట్రంలోని స్కూల్‌కిల్ కౌంటీలో ఇంటర్‌స్టేట్ 81 మీద 80 వాహనాలు ఒకదాని మీదొకటి పడి ఆరుగురు మరణించారు. రోడ్డు పక్కన నిలబడి కొందరు తీసిన వీడియోల్లో తెల్లని తెరలోంచి లారీ తర్వాత లారీ వచ్చి కుప్పలో కలిసిపోవడం కనబడుతుంది. మార్చి చివర అంటే వసంతం వచ్చిన లెక్క. కానీ ఆ నెలలో ఎండ బలంగా ఉండి నేలకు దగ్గరి గాలిని వేడెక్కించడం వల్ల పై చలిగాలికి, కింది గాలికి తేడా పెరిగి స్క్వాల్‌కు మరింత బలం వస్తుంది.

పెన్సిల్వేనియా పేరు పదేపదే రావడానికి కారణం ఉంది. ఎరీ సరస్సు తేమ, అపలాచియన్ కొండల ఎత్తు, వాటి మీదుగా సాగే లారీల రద్దీ మూడూ అక్కడ కలుస్తాయి. న్యూజెర్సీ నుంచి పిట్స్‌బర్గ్ వేంకటేశ్వరాలయానికి కార్లలో వెళ్లే తెలుగు కుటుంబాల దారులు కూడా ఇవే.

ఇతర ప్రభావాలు

2022 డిసెంబరు 21 నుంచి ఉత్తర అమెరికాను ఊపేసిన శీతల తుపాను నష్టం రోడ్లకే పరిమితం కాదని చూపింది. వయోమింగ్‌లోని షయెన్‌లో ఉష్ణోగ్రత అరగంటలో 6 డిగ్రీల నుంచి మైనస్ 16కు, డెన్వర్ విమానాశ్రయంలో గంటలో 5 డిగ్రీల పైనుంచి మైనస్ 15కు పడింది. ఫ్రంట్ దక్షిణాదికి చేరేసరికి విద్యుత్ వాడకం ఎగబాకి, అదే సమయంలో కొన్ని ఉత్పత్తి కేంద్రాలు చలికి మొరాయించడంతో టెనెసీ వ్యాలీ అథారిటీ తన చరిత్రలో మొదటిసారి వంతులవారీ కోతలు విధించింది. విమానాల రద్దు, నీటి పైపులు పగలడం, తడిసిన ఒంటితో చలిగాలికి చిక్కిన పశువుల నష్టం, వసంతంలో అయితే పండ్లచెట్ల మొగ్గలు మాడిపోవడం ఇతర పరిణామాలు.

అంచనా, హెచ్చరికలు

ఫ్రంట్ వస్తుందని రెండు మూడు రోజుల ముందే తెలుస్తుంది. స్క్వాల్ ఏ రోడ్డు మీద ఎన్ని గంటలకు పడుతుందో చెప్పడం మాత్రం గంట, రెండు గంటల ముందు తప్ప కష్టం. రాడార్‌కు ఒక సహజమైన పరిమితి ఉంది. అర డిగ్రీ కోణంలో ప్రసరించే కిరణం నూరు కిలోమీటర్లు వెళ్లేసరికి నేలకు కిలోమీటరున్నర పైన ఉంటుంది, నూటయాభై కిలోమీటర్ల దగ్గర రెండున్నర దాటుతుంది. స్క్వాల్ మేఘాలు పొట్టివి కాబట్టి కిరణం వాటి నెత్తిమీదుగా వెళ్లిపోవచ్చు. ఉపగ్రహ చిత్రాలు, రోడ్ల పక్కన ఉపరితల ఉష్ణోగ్రత కొలిచే సెన్సర్లు, మూడు కిలోమీటర్ల స్థాయిలో గంటగంటకూ లెక్కవేసే కంప్యూటర్ నమూనాలు ఈ లోటును కొంత పూడుస్తున్నాయి.

అమెరికాలో 2018కి ముందు ఈ ఉత్పాతానికి ప్రత్యేక హెచ్చరికే లేదు. పన్నెండు గంటల తుపానుకు, జిల్లా మొత్తానికి జారీ చేసే హెచ్చరికలు అరగంట స్క్వాల్‌కు సరిపోవు. ఆ ఏడాది జనవరిలో కొన్ని కార్యాలయాల్లో మొదలై, తర్వాతి చలికాలానికి దేశమంతా వ్యాపించిన స్నో స్క్వాల్ వార్నింగ్‌ను టోర్నడో హెచ్చరిక తరహాలో మ్యాప్ మీద గీసిన చిన్న ప్రాంతానికే, సాధారణంగా 30 నుంచి 60 నిమిషాల గడువుతో ఇస్తారు. తీవ్రమైనవి ఆ ప్రాంతంలోని సెల్‌ఫోన్లను మోగిస్తాయి. కెనడా ప్రభుత్వ వాతావరణ విభాగం ఫ్లాష్ ఫ్రీజ్‌కు కూడా విడిగా హెచ్చరిక ఇస్తుంది. అయితే స్కూల్‌కిల్ ప్రమాదం రోజున హెచ్చరిక అమల్లోనే ఉంది. సమాచారం చేరడానికీ డ్రైవరు వేగం తగ్గించడానికీ మధ్య దూరాన్ని ఏ రాడారూ పూడ్చలేదు.

ఆర్కిటిక్ వేడెక్కడం వల్ల ధ్రువ వాయువులు దక్షిణానికి దూసుకురావడం పెరుగుతోందా అన్నది శాస్త్రజ్ఞుల మధ్య ఇంకా వాదనలో ఉంది.

తెలుగు నేలపై

తెలుగు రాష్ట్రాల్లో ఇవి రావు. ఉత్తరం నుంచి దిగే చలిగాలి మైదానాల మీదుగా వస్తూ వేడెక్కి, ఫ్రంట్ పదును కోల్పోతుంది. అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగిలో ఉష్ణోగ్రత కొన్ని రాత్రులు సున్నాకు చేరువవుతుంది గానీ ఆ ప్రక్రియ దీనికి పూర్తి వ్యతిరేకం. అక్కడ గాలి కదలని నిర్మల రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తూ నెమ్మదిగా, గంటల కొద్దీ చల్లబడుతుంది (చూ. లంబసింగి, శీతల గాలులు). అందుకే ఇక్కడి చలి అనుభవంతో అమెరికా, కెనడాలకు చదువుకో ఉద్యోగానికో వెళ్లినవారికి చలి అంటే తెల్లవారుజామున మెల్లగా దిగేదే తప్ప మధ్యాహ్నం ఎండలో గోడలా వచ్చి పడేది కాదు.

వాహనదారులకు

హెచ్చరిక వచ్చాక బయల్దేరకపోవడం ఉత్తమం. దారిలో ఉంటే తర్వాతి ఎగ్జిట్‌లో దిగిపోవాలి. తప్పించుకోలేకపోతే క్రూజ్ కంట్రోల్ తీసేసి, లో బీమ్ దీపాలు వేసి, బ్రేకు గట్టిగా తొక్కకుండా క్రమంగా వేగం తగ్గించాలి. హైవే మధ్యలో గానీ అంచున గానీ ఆగితే వెనుక వచ్చేవారికి కనబడరు. స్క్వాల్ లోపల హైవే మీద సురక్షితమైన చోటంటూ లేదు. హెచ్చరిక గడువు మామూలుగా గంట దాటదు కాబట్టి ఎగ్జిట్ పక్కనున్న గ్యాస్ స్టేషన్‌లో ఆ కాసేపు ఆగితే చాలు.